నెత్తురుకు ఇల్లు చూడాలె

డీప్ ఫ్రీజర్ పొద్దున్నే బాలానగర్ నుంచి ట్రాలీ ఆటోలో వచ్చింది. సాయంత్రం అదే ఆటోలో వెళ్లిపోవాలి. ఈ మధ్యలో అది ఏళ్ల తరబడి అక్కడే ఉన్నట్టు కనబడాలి.

"మరీ కొత్తగా ఉంటే అనుమానం వస్తుందండీ. అలాగని పాడుబడ్డట్టూ ఉండకూడదు," అన్నాడు రవికిరణ్.

"ఇంట్ల ఫ్రిజ్ మీద ఉన్నట్టు రెండు అయస్కాంతం బొమ్మలు అతికియ్యాల్నా సార్?" అన్నాడు రాజేందర్.

ఎగతాళి కాదు. అతను నిజంగానే అడిగాడు.

రవికిరణ్ 'నీలిబిందు హెల్త్ డేటా' అనే కంపెనీలో సమాజ భాగస్వామ్య విభాగానికి అధిపతి. రాజేందర్ ఆ కంపెనీకి క్యాబ్‌లు, టీలు, కుర్చీలు సమకూర్చే మనిషి. కంపెనీ అంటే హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో, పది కంపెనీలు పంచుకునే హాల్లో ఒక మూల. ఆ మూలలో ఇప్పుడు గోడకు ఆనించి ఆరడుగుల తెల్లటి ఫ్రీజర్ నిలబడింది. లోపల ఏమీ లేదు. కరెంటు ప్లగ్గు గోడ దాకా అందలేదు. 'మైనస్ ఎనభై' అని ఎర్ర అంకెలు వెలిగే చిన్న పెట్టెను రాజేందర్ విడిగా కొనుక్కొచ్చి తలుపు మీద అతికించాడు. అది బ్యాటరీతో నడుస్తుంది.

కొంచెం దూరంలో నిలబడి ఇదంతా చూస్తున్న అమ్మాయి పేరు ప్రవళిక. జన్నారం పిల్ల. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ కంపెనీలో మర్కగూడకు ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లింది ఆమె ఒక్కతే.

మర్కగూడ ఉట్నూరు కొండల్లో గోండుల గూడెం. అక్కడి పిల్లల్లో కొందరికి ఎముకల్లో, కీళ్లలో నొప్పులు వస్తాయి. వస్తే రోజుల తరబడి మెలికలు తిరిగిపోతారు. అది పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బని, రక్తకణాలు కొడవలిలా వంగిపోవడం వల్ల వస్తుందని, కనిపెడితే వాడటానికి మందు ఉందని ప్రవళికకు తెలుసు. ఎవరికి ఉందో, ఎవరికి లేదో తెలియాలంటే గూడెం మొత్తానికి రక్తపరీక్ష చేయాలి. ఆ పరీక్షకు డబ్బు ఇస్తానని ఒక ట్రస్టు ముందుకొచ్చింది. ఒకటే మెలిక. గూడెం తన ఇష్టంతో సరే అనాలి. ఆ మాట ట్రస్టు ప్రతినిధి చెవులారా వినాలి. ఈ రోజు సరే అంటే పరీక్షలు మొదలవుతాయి. కాదంటే డబ్బు వెనక్కి పోతుంది, పరీక్ష పోతుంది, ప్రవళిక ఉద్యోగమూ పోతుంది.

అయితే ఈ ఫ్రీజర్ ఎందుకు?

కిందటి నెల రవికిరణ్ మర్కగూడకు వెళ్లాడు. పెద్దలకు శాలువాలు కప్పాడు. బట్టీపట్టిన గోండీ ముక్కలు నాలుగు వప్పజెప్పాడు. అవి ఏ జిల్లా గోండీయో గూడెంలో ఎవరికీ అర్థం కాలేదు. తెర మీద బొమ్మలు చూపిస్తూ ప్రతి బొమ్మకూ ఒకసారి 'గౌరవం' అన్నాడు. అంతా విన్నాక గూడెం పెద్ద, పటేల్ మెస్రం జంగు ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"మా నెత్తురు ఏడ ఉంటది?"

"హైదరాబాదులోనండీ. మా దగ్గరే. చాలా భద్రంగా."

"అయితే ఇల్లు చూడాలె."

మర్కగూడలో అది పద్ధతి. పిల్లనిచ్చే ముందు పెద్దలు వెళ్లి ఆ ఇల్లు చూస్తారు. పిల్ల ఒక్కతే కాదు. ఎద్దును అరువిచ్చినా, విత్తనాలు వేరే ఊళ్లో దాచినా అంతే. ఇంట్లోంచి బయటికి పోయేది ఏదైనా సరే, అది ఎక్కడ ఉండబోతుందో ఒకరు కళ్లతో చూసి రావాలి.

రవికిరణ్ పొంగిపోయాడు. తలపాగాలు, లిఫ్టు, అద్దాల మేడ. కళ్ల ముందు ఫొటోలు కదిలాయి. "తప్పకుండా రండి!" అనేశాడు. కారు ఎక్కి ఘాట్ రోడ్డు దిగుతుంటే గుర్తొచ్చింది, చూపించడానికి ఇల్లు లేదని. రక్తం గూడెం నుంచి కొరియర్‌లో నేరుగా బెంగళూరు ల్యాబ్‌కు పోతుంది. హైదరాబాదుకు వచ్చేది అంకెలు మాత్రమే.

"ఉన్నది ఉన్నట్టు చెప్దాం సార్. కావాల్నంటే బెంగళూరు తీసుకపోయి చూపిద్దాం," అంది ప్రవళిక అప్పుడే.

"బెంగళూరంటే కంగారు పడతారమ్మా. వాళ్ల పద్ధతి ఇల్లు చూడటం. దాన్ని మనం గౌరవించాలి."

ఆ గౌరవం కోసమే బాలానగర్‌లో ఫ్రీజర్ కిరాయికి తీసుకున్నారు.

* * *

మర్కగూడ నుంచి ఇద్దరు వచ్చారు. పటేల్ జంగు, తెల్లటి తలపాగా, చేతిలో గొడుగు. అతనితో సిడాం లేతుబాయి. గూడెంలో కాన్పులు చేసే పెద్దావిడ. మనిషి పొట్టి, చూపు పొడుగు. ట్రస్టు తరఫున రాజరాజేశ్వరి గారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన రాజమండ్రి ఆవిడ. ఎవరినీ నమ్మడం, నమ్మకపోవడం రెండూ ఆవిడ ముఖంలో కనబడవు.

స్టాఫంతా చెప్పులు విప్పి వరసగా నిలబడ్డారు. వారం రోజులు గౌరవం మీద శిక్షణ తీసుకున్నారు మరి. ఏసీ చలికి ఇద్దరు తుమ్మారు.

"గీళ్ల చెప్పులేమైనయి?" అని ప్రవళికను చెవిలో అడిగింది లేతుబాయి.

"మీ మీద గౌరవంతో విడిచిన్రు అవ్వా."

"మనమైతే ఏసుకునే వస్తిమి గద."

జంగు గోడ ముందు ఆగాడు. ఎర్రమట్టి రంగు గోడ మీద తెల్లటి గీతల మనుషులు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. పెయింటింగ్ తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

"ఇవి ఎవరి బొమ్మలు?"

"మీవేనండీ!" అన్నాడు రవికిరణ్ మురిసిపోతూ.

"మావి గావు," అన్నాడు జంగు. ఆతిథ్యమిచ్చేవాణ్ని నొప్పించడం ఇష్టం లేక వెంటనే కలిపాడు. "మంచిగైతే ఉన్నయి."

తర్వాత ఫ్రీజర్. దాన్ని చూసి జంగు ముచ్చటపడిపోయాడు. చుట్టూ తిరిగాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"సల్లగ లేదేంది?"

"అదేనండీ దీని గొప్ప. లోపలి చల్లదనం బయటికి ఒక్క పిసరు రాదు," అన్నాడు రవికిరణ్ తడుముకోకుండా.

"లోపల ఎంత గుణమున్నా బయటికి చూపెట్టుకోదన్నట్టు." జంగు తల పంకించాడు. "మనుషులల్ల గూడ గిసొంటోళ్లు తక్కువ."

"తలుపు తెరువుండ్రి, చూస్తం," అంది లేతుబాయి.

రవికిరణ్ దీనికీ సిద్ధంగానే ఉన్నాడు. "తెరిస్తే లోపలున్నవి పాడైపోతాయండీ. వేరే ఊళ్ల వాళ్లు మమ్మల్ని నమ్మి ఇచ్చినవి."

జంగు చటుక్కున ఒక అడుగు వెనక్కి వేశాడు. "అట్లనా! ఒకరింటి ఆడపిల్లలు నిదురపోతుంటే మనం తలుపు తీసి చూస్తమా? వద్దు, తెరువకుండ్రి." గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులు జోడించి, తల వంచి, ఆ ఖాళీ పెట్టెకు దండం పెట్టాడు.

కెమెరా చప్పుడైంది. రవికిరణ్ ఫొటోగ్రాఫర్ వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ప్రవళిక గోడ మీది గీతల మనుషుల వైపు చూడసాగింది.

"ఇగ పక్కింటోళ్లను అడగాలె," అంది లేతుబాయి.

"ఎవరినండీ?"

"పక్కింటోళ్లను. పిల్లనిచ్చే ఇల్లెట్లాంటిదో ఆ ఇంటోళ్లు చెప్తరా? పక్కింటోళ్లే చెప్పాలె."

దీనికి మాత్రం రవికిరణ్ సిద్ధంగా లేడు. పెద్దలకు నీళ్లు ఇవ్వమని ప్రవళికకు చెప్పి, రాజేందర్‌ను పక్క అద్దాల గదిలోకి పరుగెత్తించాడు. ఆ గదిలో ఆదర్శ్ అనే కుర్రాడు కుక్కలకు, పిల్లులకు భోజనం ఇంటికి పంపే కంపెనీ నడుపుతున్నాడు. రాజేందర్ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆదర్శ్ సహాయం చేసే స్వభావం ఉన్నవాడు. కాస్త ఎక్కువే ఉన్నవాడు.

"వీళ్లు మనుషులు కాదు అవ్వా, దేవుళ్లు," అన్నాడు లేతుబాయి లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే. "మా కన్నా ముందొస్తారు, మా తర్వాత పోతారు. గట్టిగా మాట్లాడగా ఒక్కరోజు వినలేదు. ఇలాంటి పక్కవాళ్లు దొరకడం మా అదృష్టం."

"ఎన్నేండ్ల సంది ఎరుక?"

"నేనా? నేను వచ్చి వారమైంది."

"ఈయన పేరేంది?" రవికిరణ్‌ను చూపించింది.

ఆదర్శ్ నవ్వాడు. కొంచెం ముందుకు వంగి, రవికిరణ్ మెడలో వేలాడుతున్న కార్డు చదివి, "రవికిరణ్ గారు," అన్నాడు గౌరవంగా.

లేతుబాయి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మంచి ఊరే! ఎవరి పేరు వాళ్ల మెడల ఉంటే పక్కింటోడు యాది పెట్టుకునే ఫికరే లేదు."

"పట్నమంటే గంతనే ఉంటది తియ్," అన్నాడు జంగు. అతని మనసు ఇంకా ఫ్రీజర్ దగ్గరే ఉంది. "ఇల్లు మంచిగున్నది. పెట్టె మస్తుగున్నది. నాకైతే..."

రాజరాజేశ్వరి గారు ఫోను తీసి రికార్డింగ్ నొక్కారు. రవికిరణ్ నిటారుగా నిలబడ్డాడు. ఇంకొక్క మాట. ఒకే ఒక్క మాట.

"ఆగు పటేలా. కోడలిని అడగలే," అంది లేతుబాయి.

* * *

పద్ధతిలో చివరి మెట్టు అది. ఇల్లు చూడటానికి వెళ్లిన ఆడమనిషి, ఆ ఇంటికి అందరికంటే వెనక వచ్చిన కోడలిని వేరుగా పిలిచి మాట్లాడుతుంది. కోడలు ఎలా ఉందో, రేపు వెళ్లబోయే పిల్ల కూడా అలాగే ఉంటుంది. మామ మాట, పక్కింటి మాట దీని ముందు చిల్లర మాటలే.

నీలిబిందు ఇంటికి కొత్త కోడలు ప్రవళిక.

ఇద్దరూ టీ పెట్టే గదిలోకి వెళ్లారు. అద్దం తలుపు అవతల రవికిరణ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరిగినప్పుడల్లా ప్రవళిక వైపు చూసి చిరునవ్వు నవ్వుతున్నాడు. ఆ నవ్వులో పర్మనెంటు ఉద్యోగం ఉంది.

"బిడ్డా," అంది లేతుబాయి. "ఇంతకు ముందుగాల ఎవరో డాక్టర్లు క్యాంపు పెట్టి మా నెత్తురు తీసుకపోయిన్రు. ఆడ ఏమైందో, ఏం చూసిన్రో, ఇయ్యాల్టి దాక ఎవరు చెప్పలే. మళ్ల ఇస్తమంటే గూడెంల సగం మంది నవ్విన్రు. నువ్వు మాటిమాటికి వచ్చినవని, మా ఇంట్ల జొన్న గటక తిన్నవని ఈడి దాక వచ్చినం. చెప్పు. మా నెత్తురు ఆ పెట్టెల ఉంటదా?"

ఉంటది అవ్వా.

రెండే రెండు మాటలు. అనేస్తే అందరికీ మంచిదే. పిల్లలకు పరీక్ష అవుతుంది, మందు వస్తుంది. బెంగళూరు ల్యాబ్ నిజంగా మంచి ల్యాబ్. ఎవరికీ నష్టం లేని అబద్ధం. ఇంత మంచి అబద్ధం దొరకడం కూడా కష్టమే.

ప్రవళిక నోరు తెరిచింది. దండం పెట్టడానికి వంగిన తెల్ల తలపాగా గుర్తొచ్చింది.

"ఆ పెట్టెల ఎవరు లేరు అవ్వా," అంది. "ఏ ఊరోళ్లది ఏం లేదు. ఈ ఒక్కదినానికి కిరాయికి తెచ్చిన్రు. మీ నెత్తురు బెంగళూరు పోతది."

లేతుబాయి అద్దంలోంచి ఫ్రీజర్ వైపు చూసింది.

"ఎందుకట్ల?"

"మీరు ఇల్లు చూస్తమన్నరు. ఇల్లు లేదు. అందుకని."

"ఇల్లు లేదని చెప్తే ఏమైతుండె?"

"తెల్వదు అవ్వా. చెప్పి చూడలే ఎవరు."

* * *

లేతుబాయి బయటికి వచ్చి జంగుతో గోండీలో నాలుగు మాటలు చెప్పింది. జంగు ముఖం మారింది. కోపం వచ్చింది. రవికిరణ్ మీద కాదు.

"నువ్వెందుకు చెప్పినవే పిల్లా?" అన్నాడు ప్రవళికతో. "నేను సరే అనబోతుంటి! అయిపోతుండె గద! పెట్టె ఖాళీ అని నాకు తెల్వకుంటే నాకు నష్టమేంది? ఇప్పుడు తెలిసె. ఖాళీ పెట్టెకు దండం పెట్టినోన్ని అయితి."

నిజం చెబితే కొందరు మెచ్చుకుంటారని చిన్నప్పుడు స్కూల్లో చెప్పారు. ఆ కొందరిలో జంగు లేడు. లేతుబాయి కూడా మెచ్చుకున్నట్టేమీ లేదు. ఆమె పటేల్‌తో గట్టిగా వాదిస్తోంది. వాదన గోండీలో సాగింది. చేతులు మాత్రం ఎవరికైనా అర్థమవుతాయి. ఆమె చెయ్యి తలుపు వైపు, ఆయన చెయ్యి ఫ్రీజర్ వైపు.

రవికిరణ్ ప్రవళికను లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాడు. కేకలు వేయలేదు. అతను కేకలు వేసే మనిషి కాదు.

"నీ నిజాయితీని నేను చాలా గౌరవిస్తానమ్మా," అన్నాడు మెత్తగా. "సోమవారం నుంచి రాకు."

తిరిగి వచ్చేసరికి రాజరాజేశ్వరి గారు ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నారు. రికార్డింగ్ ఆపలేదు.

"రవికిరణ్ గారూ, ఫ్రీజర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను ఈ పూట ట్రస్టుకి ఒక మాట చెప్పాలి. అవునా, కాదా. అంతే."

"పటేల్ గారు ఆలోచిస్తున్నారండీ. వాళ్ల నిర్ణయాన్ని మనం..."

"గౌరవించాలి. విన్నాను."

అప్పుడు జంగు లేచాడు.

"లేతుబాయి వద్దంటున్నది. నాకైతే పరీక్ష కావాలె. పిల్లలు నొప్పులకు ఏడుస్తుంటే నేను పంచాయితీ చెప్పుకుంట కూసోలేను. ఇద్దరం ఒక్క మాట మీదికి రాకుంటే గూడెం ఒప్పుకోదు. అందుకని ఒకటి అనుకున్నం." గొడుగుతో ఫ్రీజర్‌ను చూపించాడు. "ఖాళీ ఇంటికి ఎవడన్న పిల్లనిస్తడా? ముందుగాల ఇంటోళ్లు అండ్ల ఉండాలె. మీ నెత్తురు తియ్యుండ్రి, మొదట. దాన్ని మీరెట్ల చూసుకుంటరో, మాది గూడ అట్లనే చూసుకోవాలె. ఇంటి పెద్ద ముందుగాల."

రవికిరణ్ ముఖం విప్పారింది. ఇంతేనా! పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫొటోల కోసం సూదులు, గొట్టాలతో సహా టెక్నీషియన్ శ్రీలతను ఎలాగూ పిలిపించి ఉంచాడు.

"తప్పకుండానండీ! ఇది మాకు గౌరవం!" అని స్టాఫ్ వైపు తిరిగాడు. "ఎవరెవరు వస్తున్నారు?"

ఎవరూ రాలేదు. చెప్పులు లేని కాళ్లు కొన్ని వెనక్కి జరిగాయి.

"సార్, రిజల్ట్ హెచ్.ఆర్.కి పోతుందా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"ఇన్సూరెన్స్ వాళ్లకి తెలిస్తే ప్రీమియం పెంచరా?"

"పేరు రాస్తరా, నంబరా?"

"మిగిలిన రక్తం ఏం చేస్తరు సార్?" ఇది రాజేందర్.

"ఏమీ కాదండీ! మనదే కదా కంపెనీ, మన మీద మనకే నమ్మకం లేకపోతే ఎలా?" రవికిరణ్ నవ్వుతూ కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. శ్రీలత పట్టీ కట్టింది. సూది లోపలికి వెళ్లింది. ఫొటోగ్రాఫర్ దగ్గరికొచ్చాడు. ఎర్రటి చుక్కలు గొట్టంలోకి దిగుతుంటే రవికిరణ్ కళ్లు మూసుకుని కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"అన్ని పరీక్షలు చెయ్యుండ్రి," అంది లేతుబాయి. "చక్కెర ఉందా, ఇంకేమన్న ఉందా, అన్నీ. వచ్చినంక మా గూడెంల అందరు కూసున్నప్పుడు చదవాలె. మా దగ్గర గట్లనే."

రవికిరణ్ కళ్లు తెరిచాడు. నవ్వు పోయింది.

"అందరి ముందా?"

"అవును. రోగమంటే ఒక్కనిదా? అందరు తెలుసుకోవాలె."

"కుదరదండీ! అది నా సొంత విషయం. ముందు నాకు చెప్పాలి. నేను సరే అంటేనే ఇంకొకళ్లకి." శ్రీలత చేతిలోని గొట్టం వైపు చూశాడు. ఇందాకటి వరకు తన ఒంట్లో ఉన్నది ఇప్పుడు ఇంకొకరి గుప్పిట్లో ఉంది. గొంతు కొంచెం పెరిగింది. "దేనికోసం తీశారో దానికే వాడాలి. చక్కెర సంగతి ఎవరడిగారు? నేను అడగలేదే! ఎక్కడికి పంపినా నాకు చెప్పి పంపాలి. మిగిలిందేమన్నా ఉంటే నా కళ్ల ముందు పారబోయాలి. వద్దనుకుంటే మధ్యలో వెనక్కి తీసుకునే హక్కు నాకు ఉండాలి. నా పేరు ఎవడికీ ఇవ్వకూడదు. ఇంకో కంపెనీకి అసలు అమ్మకూడదు!"

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

నీలిబిందు అమ్మేది అదే. పరీక్షల అంకెలు మందుల కంపెనీలకు అమ్మడమే దాని వ్యాపారం. ఆ మాట అక్కడున్న ఉద్యోగులందరికీ తెలుసు. మర్కగూడలో తెర మీద చూపించిన బొమ్మల్లో మాత్రం అది లేదు.

"మాదైతే అమ్ముతరా?" అంది లేతుబాయి. కోపం లేకుండా, ధర అడిగినట్టు అడిగింది.

రాజరాజేశ్వరి గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇందాక చెప్పినవి చాలా బాగున్నాయి రవికిరణ్ గారూ. ఇంకోసారి చెప్పండి. నెమ్మదిగా. మొదటిది, ముందు మనిషికి చెప్పాలి. రెండోది?"

రవికిరణ్ చెప్పలేక చెప్పాడు. చేతికి దూది అదుముకుని, పాఠం వప్పజెప్పే పిల్లాడిలా ఒక్కొక్కటే చెప్పాడు. చివరిదాని దగ్గర నత్తి వచ్చింది.

"అమ్మ..."

"అమ్మకూడదు," అందించారు ఆవిడ.

జంగు లేతుబాయి వైపు చూశాడు. లేతుబాయి గోండీలో ఏదో అంది. జంగు మొదటిసారి నవ్వాడు.

"మేం షరతులు చెప్దామని ఊరి నుంచి దారి పొడుగుత ఆలోచించుకుంట వచ్చినం. ఈయన మాకంటె మంచిగ చెప్పిండు. మాకు గూడ అవే. అందరి ముందట చదువుడు మాత్రం మా గూడెం పద్ధతి. చదువాల్నా వద్దా మేమే అనుకుంటం. అది మీకు వద్దంటె మీ ఇష్టం." రాజరాజేశ్వరి గారి ఫోను వైపు తిరిగి, దానికి కూడా ప్రాణం ఉన్నట్టు మర్యాదగా చెప్పాడు. "సరే. ఈ మాటల మీద ఉంటే మర్కగూడ సరే అంటున్నది."

"మాటలన్నీ రికార్డయ్యాయి. వీటి మీద ఉంటేనే ట్రస్టు డబ్బు," అన్నారు ఆవిడ. "కంపెనీకి సమ్మతమేనా?"

రవికిరణ్ లెక్క వేసుకున్నాడు. అమ్మకుండా పరీక్షలు చేస్తే కంపెనీకి మిగిలేది మంచిపేరు ఒక్కటే. కాదంటే అదీ మిగలదు. పైగా సొంత మాటలను కాదనడం ఎలా?

"సమ్మతమేనండీ," అన్నాడు.

"ఫలితాలు గూడెంకి తీసుకెళ్లి, ఇంటింటికీ చెప్పే బాధ్యత ఎవరిది? పేరు కావాలి."

రవికిరణ్ హాలంతా కలయజూశాడు. మర్కగూడకు దారి ఏ మలుపు దగ్గర చీలుతుందో తెలిసినవాళ్లు ఆ హాల్లో ఒక్కరే ఉన్నారు. ఆమె అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ప్రవళిక," అన్నాడు, నోట్లో ముల్లు ఉన్నట్టు.

"సోమవారం రావాల్నా సార్?" అంది ఆమె.

"తొమ్మిదింటికే రామ్మా."

* * *

పెద్దలిద్దరినీ బస్సెక్కించడానికి ప్రవళికే జూబ్లీ బస్టాండుకు వెళ్లింది. క్యాబులో దారి పొడుగునా జంగు ఆమెతో మాట్లాడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం అన్నాడు.

"పెట్టె ఖాళీ అని గూడెంల నేను చెప్ప. లేతుబాయి చెప్తది ఎట్లాగు. కనీసం అది మంచిగుండె అని నువ్వన్న చెప్పు."

"చెప్త తాతా. మస్తుగుండె."

ఫోను మోగింది. రవికిరణ్.

"ప్రవళికా, నా శాంపిల్ ఎక్కడ పెట్టారో తెలుసా? టీ గది ఫ్రిజ్‌లో! ఎవరిదో పెరుగు డబ్బా పక్కన!"

"కొరియర్ పొద్దున వస్తడు సార్. ఈలోగా సల్లగనే ఉండాలె అన్నది శ్రీలత."

"ఇక్కడ పది కంపెనీల వాళ్లు వచ్చి ఆ ఫ్రిజ్ తీస్తారమ్మా. దాని మీద నా పేరు ఉంది. ఎవడో తీసి పక్కన పెడితే? మారిపోతే? ఆ కొరియర్ ఎవరు, అతనికి దీని విలువ తెలుసా? బెంగళూరులో తీసుకునే మనిషి పేరేంటి? నువ్వు ఎప్పుడైనా ఆ ల్యాబ్ చూశావా?"

"లేదు సార్. మీరు చూసిన్రా?"

అవతల నుంచి ఫ్రిజ్ తలుపు తీసి మూసిన చప్పుడు వినబడింది.

"ఎవరు బిడ్డా?" అంది లేతుబాయి.

"మా సార్ అవ్వా. ఆయన నెత్తురు ఎట్లున్నదో అని పరేషాన్ అయితుండు."

"కాడా మరి?" లేతుబాయి ఇందులో నవ్వాల్సింది ఏమీ కనబడనట్టు అంది. "దగ్గర కూసోమను."

ప్రవళిక ఆ మాటే చెప్పింది. బస్సు కదిలింది. కాసేపటికి రాజేందర్ దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. టీ గదిలో ఫ్రిజ్ తలుపుకు కుర్చీ అడ్డం వేసుకుని రవికిరణ్ కూర్చున్నాడు. పాల ప్యాకెట్ కోసం వచ్చిన ఆదర్శ్‌కు ఏదో వివరిస్తున్నాడు. ఆదర్శ్ గిన్నె పట్టుకుని, చెప్పులు విప్పి, దూరంగా నిలబడ్డాడు.